టోల్‌గేటు దగ్గర పుట్టిన క్లాసు

బీటెక్‌లో ఇన్‌హెరిటెన్స్ ఎలా చెప్పారో గుర్తుందా? జంతువు అని ఓ క్లాసు, దాని కింద కుక్క, పిల్లి. పరీక్షలో అదే రాశా, ఇంటర్వ్యూలోనూ అదే అప్పజెప్పా. తీరా చూస్తే ఆ ఆలోచన వచ్చింది కుక్కల వల్లా పిల్లుల వల్లా కాదట. వంతెన మీద టోలు కట్టడానికి బారులు తీరిన లారీలూ బస్సుల వల్లట!

ఊరు ఓస్లో. నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నీగార్డ్, ఓలె-యోహాన్ దాల్ అనే ఇద్దరు 1960ల మొదట్లో సిమ్యులా అనే భాష మొదలెట్టారు. పేరులోనే ఉంది కదా, సిమ్యులేషన్ కోసమే. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతూ, మధ్యలో ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వచ్చే వ్యవహారాన్ని కంప్యూటర్‌కి చెప్పాలి. 1965 జనవరికల్లా యూనివాక్ 1107 మీద కంపైలర్ నడిచింది.

చిక్కల్లా ఎక్కడంటే, లారీ వేరు, బస్సు వేరు. కానీ రెండూ ఒకే క్యూలో నిలబడాలి. నా ముందెవరు, నా వెనకెవరు అన్నది రెండింటికీ తెలియాలి. ప్రతి రకానికీ అదే మళ్ళీ రాయాలా? (మనమైతే కాపీ, పేస్ట్ కొట్టేసి టీకి వెళ్ళిపోయేవాళ్ళం.) టోనీ హోర్ అదే ఏడాది, అంటే 1966లో, రికార్డు క్లాసులూ సబ్‌క్లాసుల గురించి చెప్పిన సంగతి వాళ్ళ బుర్రల్లో తిరుగుతోంది, కానీ ఉన్నదున్నట్టు పెడితే అతకలేదు. డిసెంబర్‌లో ఈ టోల్‌గేటుతో కుస్తీ పడుతుండగా వెలిగింది: క్యూలో నిలబడే గుణాన్ని ఓ పొరగా విడదీసి, లారీకీ బస్సుకీ ముందు తగిలిస్తే పోలా? సిమ్యులా 67లో క్లాసు, సబ్‌క్లాసు అలా వచ్చాయి.

తర్వాత కథ మీకు తెలిసిందే. అలన్ కే స్మాల్‌టాక్, ఆ తర్వాత 1979లో స్ట్రౌస్ట్రప్ సీకి క్లాసులు తగిలించడం. ఆయన కేంబ్రిడ్జ్‌లో సిమ్యులా వాడినవాడే.

నా ఏడుపు వేరే ఉంది. సిమ్యులాలో బండికి ప్రాణం ఉండేది. గేటు దాకా వెళ్ళు, ఖాళీ లేకపోతే నిద్రపో, ముందువాడు లేపితే లే, డబ్బు కట్టడానికి కాసేపు ఆగు, వెళ్ళిపో. పైనుంచి కిందికి చదివితే ఓ డ్రైవరు ప్రయాణం! సీ ప్లస్ ప్లస్‌కి వచ్చేసరికి క్లాసు భాషలో మిగిలింది, ఆ బతుకు మాత్రం లైబ్రరీలోకి పోయింది. మాకు క్లాసులో దాని ఊసే చెప్పలేదు. ఫైనలియర్‌లో నేను జంక్షన్ సిమ్యులేషన్ రాసినప్పుడు బళ్ళన్నిటినీ ఓ అరేలో కుక్కి, పేద్ద ఫర్ లూపు పెట్టి, సెకనుకోసారి ఒక్కోదాన్నీ తోశా. ఆటోవాలా ఏమాలోచిస్తున్నాడన్నది నాలుగు ఫంక్షన్లలో, పది ఇఫ్‌లలో ముక్కలైపోయింది. వైవాలో అడిగితే నాకే అర్థం కాలేదు.

నీగార్డ్, దాల్‌లకి 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2002లో ఇద్దరూ ఆరు వారాల తేడాలో పోయారు. మధ్యలో ఆగి మళ్ళీ అక్కణ్ణించే లేచే కొరుటీన్లు సీ ప్లస్ ప్లస్ భాషలోకి వచ్చింది 2020లో. మొన్న ఆదివారం కూచుని వాటితో ఆ పాత జంక్షన్ మళ్ళీ రాశా. ఆటో ఇప్పుడు పద్నాలుగు లైన్లు. పక్క లేన్లోకి దూరడం ఒక్కటే ఇంకా కుదరలేదు.