చర్మపు ముడతలు – రెటినాయిడ్లు

షికాగో వైద్యులు 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో 69 ఏళ్ల ట్రక్కు డ్రైవర్ ఫొటో ఒకటి ప్రచురించారు. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఆయన ముఖంలో కుడి సగం కంటే ఎడమ సగం ఎంతో ముసలిది. చర్మం దళసరెక్కి, లోతైన ముడతలు పడింది. అక్కడ డ్రైవర్ సీటు ఎడమవైపు; కిటికీలోంచి ఎండ పడింది ఆ చెంప మీదే. అతినీలలోహిత కిరణాల్లో యూవీ-ఎ రకం అద్దాన్ని దాటి వస్తుంది. మన దేశంలోనైతే ఆ ముప్పు కుడి చెంపకు ఎక్కువ.

వయసు మీదపడే కొద్దీ చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది. ఎండ ఇంకో అడుగు ముందుకేసి, ఉన్న కొల్లాజెన్‌ను తెగ్గొట్టే ఎంజైములను రేపుతుంది. పొగతాగడం దీనికి తోడు. చామనఛాయ, నలుపు చర్మాలకు మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది గనుక ముడతలు ఆలస్యంగా వస్తాయి. నల్లమచ్చలు, మంగు, రంగులో తేడాలు ముందు కనిపిస్తాయి.

విటమిన్-ఎ కుటుంబానికి చెందిన మందులే రెటినాయిడ్లు. వీటిలో బాగా పరీక్షకు నిలిచింది ట్రెటినాయిన్. 1971లో అమెరికాలో మొటిమల మందుగా అనుమతి పొందింది. దాన్ని వాడినవారి ముఖం నునుపెక్కుతోందని గమనించిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో ఆ ఫలితాలను ప్రకటించింది. క్లిగ్‌మన్ హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీలపై చేసిన ప్రయోగాలు వైద్యచరిత్రలో మాయని మచ్చ; వాటికి విశ్వవిద్యాలయం 2021లో క్షమాపణ చెప్పింది. ఎండకు దెబ్బతిన్న చర్మంపై 1993లో వెలువడిన మరో అధ్యయనంలో, 10 నుంచి 12 నెలలు ట్రెటినాయిన్ రాసినచోట కొత్త కొల్లాజెన్ 80 శాతం పెరిగింది. మందులేని క్రీము రాసినచోట 14 శాతం తగ్గింది. 1995లో సన్నని ముడతలకూ అనుమతి వచ్చింది.

దుకాణాల్లో దొరికే రెటినాల్ చర్మంలోకి వెళ్లాక రెటినాయిక్ ఆమ్లంగా, అంటే ట్రెటినాయిన్‌గా మారాలి. అందుకే దాని బలం తక్కువ, మంటా తక్కువే.

ట్రెటినాయిన్ ఫలితానికి నెలలు పడుతుంది. లోతైన ముడతలు, జారిన చర్మం దీనితో పోవు. మొదటి వారాల్లో ఎర్రబడటం, పొలుసులు ఊడటం మామూలే. రాత్రిపూట ముఖమంతటికీ బఠాణీ గింజంత మందు, అదీ మొదట్లో రెండు మూడు రోజులకోసారి చాలు. ఎక్కువ రాస్తే చర్మం మండి, మన రంగువారికి కొత్త మచ్చలు మిగులుతాయి. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. గర్భిణులు, గర్భం కోరుకునేవారు వాడకూడదు.

ట్రెటినాయిన్‌తో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ కలిపిన క్రీములను మన ఊళ్లలో చాలామంది రంగు తేలడానికని చీటీ లేకుండానే కొని నెలల తరబడి రాసుకుంటున్నారు. ఆ స్టెరాయిడ్ చర్మాన్ని పల్చన చేస్తుంది, మొటిమలు తెస్తుంది. మందుల షాపులో ట్యూబు అడిగే ముందు దయచేసి చర్మవైద్యుణ్ణి కలవండి.