బెడ్‌ఫోర్డు కాలువ పందెము

శాస్త్రవిరుద్ధమైన సిద్ధాంతము నొకదానిని పట్టుకొని, దానికై ధనమును, కాలమును, తుదకు మానమును సైతము వ్యయపఱచువారు ప్రతిదేశమునను గలరు. వారిని మందమతులని త్రోసివేయుట సులభము. కాని యందువలన వారి మనస్సు మనకు బోధపడదు. కన్నులయెదుట నిదర్శనము నొకదానిని చూపినచో వారు దారికి వత్తురని నమ్ముట మఱియొక పొరపాటు. ఈ రెండవ పొరపాటును మేమును చాలకాలము చేసితిమి. ఇంగ్లండులో 1870లో జరిగిన బెడ్‌ఫోర్డు కాలువ పందెమును గూర్చి పిల్లలకు చెప్పునప్పుడు, దూరదర్శినిలో భూమి వంపు కనబడినంతవఱకు చెప్పి యచ్చటితో కథను ముగించెడివారము. నిజమునకు కథ యచ్చటనే ప్రారంభమగుచున్నది.

ఈ వివాదమునకు మూలపురుషుడు సామ్యూలు రోబాతము. ఇతడు ‘పారలాక్సు’ అను మాఱుపేరుతో ఉపన్యాసము లిచ్చుచు, భూమి గోళము కాదనియు బల్లపరుపుగా నున్నదనియు 1849లో చిన్నపుస్తకము నొకదానిని, 1865లో పెద్దగ్రంథమును ప్రకటించెను. తూర్పు ఇంగ్లండు పల్లపు భూములలో పాత బెడ్‌ఫోర్డు నది యను కాలువ యొకటి మైళ్లకొలది తిన్నగా పోవుచున్నది. 1838లో తా నందు దిగి, నీటికి 8 అంగుళముల యెత్తున దూరదర్శినిని పట్టి చూడగా, 6 మైళ్లు పోయిన పడవమీది జెండా 5 అడుగుల యెత్తుననే యున్నను చక్కగా కనబడెనని యతడు వ్రాసెను. భూమి గుండ్రనిదైనచో నది నీటి వంపునకు మఱుగుపడవలెను గదా యని యతని ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. తప్పు చూచిన విధమున నున్నది. నీటి నానుకొనియున్న చల్లని గాలిపొరలలో వెలుగు క్రిందికి వంగును. అందుచే మఱుగుపడవలసిన వస్తువు పైకెత్తినట్లు కనబడును. రోబాతమునకు పరిశీలన యున్నది, లెక్క యున్నది, తర్కమును గలదు. తనకు ప్రియమైన ఫలితమును శంకించు గుణ మొక్కటి లేదు.

మన దేశమున భాస్కరాచార్యుడు 1150లోనే గోళాధ్యాయమున నీ శంకకు సమాధానము చెప్పియున్నాడు. పరిధిలో నూఱవ పాలు తిన్ననిదిగనే తోచును. భూమి మిక్కిలి పెద్దది, మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు. ఐనను పురాణములలోని ద్వీపసముద్రవర్ణనలను అక్షరార్థమున పట్టుకొని వాదించిన పండితులు ఆ తరువాతను మనలో నుండిరి. కావున సీమవారిని చూచి నవ్వుటకు మన కంతగా అధికారము లేదు.

రోబాతము మతమును స్వీకరించిన జాను హాంప్డెను 1870 జనవరిలో పత్రికాముఖమున 500 పౌనుల పందెము చాటెను. నదియందో కాలువయందో సరస్సునందో నీటి వంపును చూపగలవాడు ముందునకు రావలెనట. ఇతడు బైబిలు వాక్యముల కన్నింటికిని అక్షరార్థమే గ్రహించువాడు. భూమి గుండ్రనిదైనచో బైబిలు కల్ల యగునని యతని భయము. ఈ భయమును మఱువరాదు. ఇతరులకు భూమి యాకారము ఒక విషయము. హాంప్డెనునకో అది పరలోకము, ఇహలోకము, తన బ్రదుకునకు గల యర్థము. అట్టివానిని కాలువగట్టున నిలువబెట్టి కొలతబద్ద చూపుటయనగా, అతని యింటిపునాదిని త్రవ్వుటయే.

పందెమును స్వీకరించినవాడు సామాన్యుడు కాడు. 1858లో డార్వినుతోపాటు ప్రకృతివరణ సిద్ధాంతమును లోకమునకు వెల్లడించిన ఆల్ఫ్రెడు రస్సెల్ వాలెసు. యౌవనమున భూములు కొలుచు వృత్తిలో నుండినవా డగుటచే మట్టము చూచుట అతనికి కరతలామలకము. భూగర్భశాస్త్రవేత్తయగు లయెలును సలహా యడుగగా, ఇట్టివారికి ప్రత్యక్షముగా చూపినచో నోరు మూయుదురేమో యని యాయనయు ప్రోత్సహించెను. ఇరువురు మహావిద్వాంసులును మేము పాఠశాలలో చేసిన తప్పునే చేసిరి!

1870 మార్చి 5వ తేదీన ప్రయోగము జరిగెను. 6 మైళ్ల దూరమున రెండు వంతెనలు. ఒకదానిమీద నీటికి 13 అడుగులకు పైబడిన యెత్తున దూరదర్శిని. రెండవదానిమీద అంతే యెత్తున నల్లపట్టె గల తెల్లగుడ్డ. నడుమ అంతే యెత్తున ఎఱ్ఱని బిళ్లను బిగించిన గుంజ. రోబాతమును మోసగించిన నీటిమీది గాలిపొరలను తప్పించుటకే వాలెసు ఇంత యెత్తు కోరెను. నీరు సమతలమైనచో మూడును ఒకే వరుసలో కనబడవలెను. నడిమి బిళ్ల మిక్కిలి పైకి లేచి కనబడెను. 3 మైళ్లకు వంపు 6 అడుగులు. వెలుగు వంగుటచే కొంత తగ్గి, లెక్కకు సరిపోయెను.

అప్పుడు జరిగినది చూడుడు. హాంప్డెను పక్షమున సాక్షిగా వచ్చిన కార్పెంటరు అను ముద్రాపకుడు అదే దూరదర్శినిలో అదే దృశ్యమును చూచి, అందలి యెడములను తనకు తోచినట్లు లెక్కించి, మూడు గుర్తులును ఒకే సరళరేఖలో నున్నవనియు, జయము తమదేననియు ప్రకటించెను. హాంప్డెనో, దూరదర్శినికి కన్నే యానింపలేదు. కార్పెంటరు చూచిన చాలునట. 500 పౌనులు ఒడ్డినవాడు, అడుగు దూరమున యంత్రముండగా, తొంగిచూడలేదు! ఇది మూఢత్వము కాదు. చూచినచో ఏమి పోవునో అతని మనస్సు లోలోపల నెఱిగియే యుండవలెనని మా యూహ. కార్పెంటరుమాత్రము కపటి కాడనియే తలచుచున్నాము. అతని కన్ను చూచినదానిని అతని కోరిక దిద్దినది. అతడు పిమ్మట అమెరికాకు పోయి, భూమి గోళము కాదనుటకు నూఱు నిదర్శనములని 1885లో పుస్తకమునే వ్రాసెను.

మధ్యవర్తియగు పత్రికాసంపాదకుడు వాల్షు పందెపు సొమ్మును వాలెసున కిచ్చెను. అది మొదలు హాంప్డెను వాలెసును దొంగయని, వంచకుడని కరపత్రములు పంచెను. వాలెసు సభ్యుడుగా నున్న సంఘములకు జాబులు వ్రాసెను. తుదకు అతని భార్యకే, మీ భర్త తల పగులునని బెదరింపు వ్రాసెను. న్యాయస్థానము నెక్కి, చెరసాల ననుభవించియు మానలేదు. ఓటమి కాదు, అన్యాయము జరిగినదని తన కతడు చెప్పుకొనెను. చెర యతనికి సిగ్గు కాలేదు. సత్యముకొఱకు పడిన బాధయయ్యెను. 1876లో న్యాయాధిపతులు, పందెములకు చట్టబలము లేదు గనుక, సొమ్ము చేతులు మాఱకమున్నే తిరిగి యడిగిన హాంప్డెనునకు అది చెందునని తీర్పు చెప్పిరి. అది చట్టమును గూర్చిన తీర్పేగాని భూమిని గూర్చినది కాదు. వాలెసునకు వ్యాజ్యపు ఖర్చులును, పదునైదేండ్ల వేధింపును మిగిలినవి. 1891లో హాంప్డెను గతించెను. 1972లో అపోలో 17 యాత్రికులు భూగోళమును నిండుగా ఛాయాచిత్రమున దింపిన పిమ్మటను అతని మతస్థులు అంతరింపలేదు.

వాలెసును గూర్చి మఱియొక మాట చెప్పక తప్పదు. కాలువగట్టున వంపును చూపిన యీ మహనీయుడే ప్రేతాత్మలతో సంభాషించు గోష్ఠులను దృఢముగా నమ్మెను. మశూచి టీకా భ్రమయని 1898లో ప్రత్యేకముగా గ్రంథము వ్రాసి, పట్టికలతో వాదించెను. ఆ టీకాల మూలముననే మశూచి భూమిమీద లేకుండపోయినదని 1980లో ప్రపంచారోగ్యసంస్థ చాటినది. టీకాల విషయమున వైద్యలోకము చూపిన పట్టికలు వాలెసునకు, కాలువమీది బిళ్ల కార్పెంటరునకు కనబడినట్లే కనబడినవి గాబోలు.

ఐనను 84 ఏండ్ల ప్రాయమున, 1907లో, కుజగ్రహముమీద బుద్ధిజీవులు త్రవ్విన కాలువలున్నవని అమెరికాలో లోవెలు చేసిన వాదమును అతడే ఖండించుచు చిన్నగ్రంథము ప్రకటించెను. అచ్చటి శైత్యమును, నీటి లేమిని లెక్కకట్టి చూపెను. ఈ మాఱు పందెము కాయలేదు. లోవెలు 1916లో మరణించునంతవఱకు తన కాలువలను విడువలేదు.