ఇరుపక్షాలనూ అడిగినవారు

కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో పుట్టి పెరిగిన మనకు పార్టీ కక్షలు కొత్త గావు. ఏ పార్టీలోనూ చేరని మనిషికి ఊళ్లో బతకడం ఎంత కష్టమో మన మైదుకూరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. వీళ్లు వాళ్ల మనిషంటారు, వాళ్లు వీళ్ల మనిషంటారు. రాష్ట్రంలో పోలీసులకూ, నక్సలైట్లకూ నడుమ నలిగిన పౌరహక్కుల పెద్దల చరిత్ర కూడా ఇటువంటిదే.

ఎమర్జెన్సీ ముగిసిన 1977లో ఎన్‌కౌంటర్ మరణాలపై విచారణ కోసం పోరాడిన వారిలో న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ముఖ్యులు. పౌరహక్కుల సంఘ ఉపాధ్యక్షులు, పిల్లల వైద్యులు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో తమ ఆసుపత్రిలోనే కాల్చి చంపబడినారు. అయినా సంఘం పని ఆగలేదు.

ఆ సంఘానికి ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శిగా ఉన్నవారు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు. రాజ్యహింసను ప్రశ్నించినట్లే నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించవలెనని వాదించి, సొంత సహచరులతోనే విభేదించి, 1998లో మిత్రులతో కలసి మానవహక్కుల వేదికను స్థాపించారు. పరాయివారిని విమర్శించడం తేలిక, అయినవారిని విమర్శించడానికే గుండె కావాలి.

మూడవవారు మనకు మరింత దగ్గరి మనిషి. ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి రిటైరైన ఎస్.ఆర్. శంకరన్. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన ఒకరు. దానిని ఆయన కక్షగా మనసులో పెట్టుకోలేదు. 1997లో కన్నబిరాన్, పత్రికా సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు మొదలైన వారితో కలసి పౌరస్పందన వేదికగా ఏర్పడి, ఎన్‌కౌంటర్లేమిటని ప్రభుత్వాన్నీ, ఇన్‌ఫార్మర్ల పేరిట హత్యలేమిటని నక్సలైట్లనూ అడిగారు. ఆ కృషి ఫలితంగానే 2004 అక్టోబరులో హైదరాబాదులో ఇరుపక్షాలూ ఒకచోట కూర్చున్నాయి.

2005 జనవరికే ఆ చర్చలు చెడిపోయినవి గదా, లాభమేమి అని అడగవచ్చు. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావలెననీ, స్వతంత్ర దర్యాప్తు జరగవలెననీ ఆదేశించింది. హక్కుల సంఘాలు దశాబ్దాల పాటు అడిగినది అదే. అడిగినవారు లేకుంటే ఆ ఆదేశమూ లేదు.

ఆఫీసులో అర్జీ వస్తే ఎదుటివారి వాదన కూడా తీసుకోనిదే నోటు పెట్టేవారం కాదు. ఊరి తగాదాలోనూ ఆ పద్ధతినే ఎందుకు పాటించరాదు? పింఛను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ నాయకుడి దయ మీదా ఆధారపడని మనబోటివారే ఇరుపక్షాలనూ అడగకుంటే ఇంకెవరు అడుగుతారు? సభ్యులు ఆలోచించ ప్రార్థన.