మొక్కల లోపల బతికే బ్యాక్టీరియాతో ఇండస్ట్రీకి ఎంజైమ్‌లు.. ఎలా తయారు చేస్తారంటే?

డిటర్జెంట్ పౌడర్, బ్రెడ్, పండ్ల రసం.. వీటన్నింటి వెనుక ఎంజైమ్‌లు ఉన్నాయి. మార్కెట్‌లో దొరికే వాటిలో చాలావరకు బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచే వస్తున్నాయి. అయితే కొత్త ఎంజైమ్‌ల కోసం సైంటిస్టులు మొక్కల లోపల కూడా వెతుకుతున్నారు.

ఎండోఫైట్స్ అంటే ఏంటి?

వేరు, కాండం, ఆకుల లోపల ఉంటూ, మొక్కకు జబ్బు చేయకుండా బతికే సూక్ష్మజీవులే ఎండోఫైట్స్. చెరకులో ఉండే గ్లూకోనాసిటోబాక్టర్ డయాజోట్రోఫికస్ ఇలాంటిదే. దీని గురించి 1988లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఈ బ్యాక్టీరియా చక్కెరను నేరుగా లోపలికి తీసుకోలేదు. అందుకే లెవాన్‌సుక్రేస్ అనే ఎంజైమ్‌ను బయటకు వదిలి, చక్కెరను విడగొట్టి తింటుంది. ఆహార పరిశ్రమకు కావాల్సింది సరిగ్గా ఈ ఎంజైమే. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారమయ్యే ఫ్రక్టో ఒలిగోశాకరైడ్లను చక్కెర నుంచి దీనితో తయారు చేయొచ్చు.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

* ముందుగా ఆకు లేదా వేరు ముక్కను ఆల్కహాల్, బ్లీచ్ ద్రావణంతో కడుగుతారు. పైన అంటుకున్న క్రిములు చనిపోవాలి.
* చివరిసారి కడిగిన నీటిని అగార్ ప్లేట్‌పై వేసి చూస్తారు. అందులో ఏదైనా పెరిగిందంటే టెస్ట్ ఫెయిల్ అయినట్టే. దొరికిన బ్యాక్టీరియా లోపలిదా, బయటిదా చెప్పలేం.
* తర్వాత ముక్కను నూరి, బ్యాక్టీరియాను పెంచుతారు.
* గంజి కలిపిన ప్లేట్‌పై పెంచి అయోడిన్ పోస్తే ప్లేట్ నల్లగా మారుతుంది. బ్యాక్టీరియా చుట్టూ మాత్రం తెల్లటి వలయం కనిపిస్తే, అది గంజిని కరిగించే అమైలేజ్‌ను వదులుతోందని అర్థం. బట్టల మిల్లుల్లో నూలుకు పట్టించిన గంజి తీయడానికి వాడేది అమైలేజే.

అసలు సవాల్ ఇక్కడే!

ప్లేట్‌పై వలయం వచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీకి పనికొస్తుందని కాదు. పెద్ద ట్యాంకులో వేడి, గాలి, ఆమ్ల స్థాయి అన్నీ కుదరాలి. ఎంజైమ్ తగినంత రావాలి, ఖర్చు గిట్టుబాటు కావాలి. పైగా మొక్కలో బుద్ధిగా ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా మనుషులకు జబ్బు చేయొచ్చు. క్లెబ్సియెల్లా అలాంటిదే. కాబట్టి సేఫ్టీ టెస్టులు తప్పనిసరి.

దీనికి మరో దారి కూడా ఉంది. బ్యాక్టీరియాను పెంచకుండా, ఎంజైమ్ తయారు చేసే జీన్‌ను మాత్రమే తీసుకోవడం. క్యూబా శాస్త్రవేత్తలు చెరకు బ్యాక్టీరియాలోని లెవాన్‌సుక్రేస్ జీన్‌ను పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో పెట్టి, ఆ ఎంజైమ్‌ను తయారు చేసి చూపించారు. అంటే మొక్కలో దొరికింది ఫార్ములా అయితే, దాన్ని వండేది మాత్రం వేరే జీవి అన్నమాట!