లంబాడీ మాటలు తెలుగులో టైప్ చేస్తున్నారా? ఈ 5 చూసుకోండి

దేవరకొండ: దేవరకొండ చుట్టూ ఉన్న తండాల్లో ఇంటి మాట లంబాడీ. దీన్నే గోర్ బోలి అంటారు. బడిలో నేర్చుకునే అక్షరాలేమో తెలుగు, ఇంగ్లీష్. మరి ఇంటి మాటను వాట్సాప్‌లో ఎలా రాయాలి?

లంబాడీకి అందరూ వాడే సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగులో, కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. ఈ భాష రాజస్థానీకి దగ్గరి చుట్టం. అందుకే తెలుగు అలవాటుతో రాస్తే కొన్నిచోట్ల తేడా కొడుతుంది.

1. చివర పొల్లు: తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. లంబాడీలో చాలా మాటలు హల్లుతో ఆగుతాయి. 'గోర్' అంటే లంబాడీలు తమను తాము పిలుచుకునే పేరు. అదే 'గోరు' అని రాస్తే వేలి గోరు అయిపోతుంది!

2. ఒత్తు అక్షరాలు: ఇల్లు అంటే 'ఘర్'. 'గర్' అని రాయొద్దు.

3. 'ళ' మర్చిపోవద్దు: నలుపు అంటే 'కాళో'. తెలుగు, మరాఠీల్లో 'ళ' ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హిందీ రాతలో మాత్రం అది 'ల' అయిపోతుంది.

4. ముక్కుతో పలికే అచ్చులు: నిండు సున్న పెడితే 'మ్', 'న్' అని చదివేస్తారు. పాత తెలుగులోని అరసున్న (ఁ) ఇక్కడ పనికొస్తుంది. హిందీ చంద్రబిందువు చేసే పని కూడా ఇదే.

5. మధ్యలో ఖాళీ: 'గోర్', 'బోలి' కలిపి టైప్ చేస్తే ఫోన్ 'గోర్బోలి' అని ఒత్తు పెట్టేస్తుంది. కొత్తగా చదివేవాళ్లు తడబడతారు. మధ్యలో స్పేస్ ఇస్తే చాలు.

ఇదంతా ఎందుకంటే..
2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ ఆ లెక్కను హిందీ కిందే చూపించారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోనూ లంబాడీకి చోటు లేదు.

అయినా తెలుగు లిపిలోనే ఈ మాట దూరం వెళ్లింది. రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ధావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరు లంబాడీ మాటే.

ఇంట్లో యాడి (అమ్మ) పాడే పాట ఫోన్‌లో రికార్డు చేశారా? ఫోన్ పోతే పాటా పోతుంది. అందుకే రాసి కూడా పెట్టుకోండి. ఒక మాటను ఒకసారి ఎలా రాశారో, ప్రతిసారీ అలాగే రాయండి.