పంతులుగారి కాలిబంతి

జహనుమా అనే పేరుకు లోకాన్ని చూపేది అని అర్థం. పాతనగరంలోని ఆ పేట పేరు విన్నప్పుడెల్లా మాకు కాలిబంతి ఆట జ్ఞప్తికి వస్తుంది. ఒకప్పుడు ఈ నగరం లోకానికి తన్ను తాను చూపుకొన్నది ఆ ఆటలోనే. ఆ ఘనతకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరివారికి రహీం సాహెబు.

ఒంటరిగా బంతిని తోలుకొనిపోవడం మాని, ఒకరికొకరు అందించుకొని ఆడే పద్ధతిని పెంపొందించినవారు స్కాట్లండువారని ప్రతీతి. ఆ దేశీయుడైన మాట్ బస్బీ ఆట విరమించి, 1945లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు బాధ్యత స్వీకరించి, 1968లో దానికి యూరోపియన్ కప్పు సంపాదించిపెట్టినారు. బస్బీ 1909 మే నెలలో జన్మించినారు. రహీం అదే సంవత్సరం ఆగస్టులో హైదరాబాదులో జన్మించినారు. ఇద్దరూ ఆటగాళ్లై, పిమ్మట గురువులైనవారే. అయితే రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆ భేదమే ఆయన పద్ధతికి కీలకమని మా అభిప్రాయం.

బంతిని తోలుకొనిపోవడాన్ని నిషేధించి కొన్ని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న నియమంతో మరికొన్ని పోటీలు ఆయన ఏర్పాటు చేసినారు. రాని అక్షరాన్నే పదేపదే దిద్దించే పంతులు తీరు ఇది. ఫలితం త్వరలోనే కనిపించినది. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది.

భారత జట్టుకు ఆయన 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం తెచ్చిపెట్టినారు. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఘోరపరాజయం కలిగినది. మనవారిలో పెక్కుమంది నాడు వట్టికాళ్లతో ఆడినారు. ఆ అవమానంతో రహీం క్రుంగిపోలేదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథేయ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశాన్ని నిలిపినారు.

ఆయన కడపటి పరీక్ష 1962లో జకార్తాలో జరిగినది. అప్పటికే ఆయన క్యాన్సరు వ్యాధిగ్రస్తులు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో ఓటమి. రక్షణవరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఆయనను రహీం ముందువరుసకు పంపినారు. సెప్టెంబరు 4న అదే కొరియాతో ఫైనలు. ప్రేక్షకులు మనకు ప్రతికూలురు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు చేయగా 2-1తో స్వర్ణం మనదైనది. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే.

1963 జూన్ 11న రహీం కన్నుమూసినారు. ఆ తరువాత ఆసియా క్రీడల కాలిబంతిలో మనకు మరొక స్వర్ణం రాలేదు. 1960 రోమ్ పిమ్మట ఒలింపిక్స్‌లోనూ మన జట్టు ఆడలేదు. 2024లో 'మైదాన్' చలనచిత్రం ఆయన పేరును కొత్త తరానికి వినిపించినది. సంతోషమే. కాని స్మరణ వేరు, సాధన వేరు. గురువు ఒక్కరే విద్యాలయమైనప్పుడు, ఆయనతోనే ఆ విద్యాలయం మూతపడుతుంది. ఎడమకాలితో తన్నమని పిల్లలకు ఓపికగా నేర్పే పంతుళ్లు పేటపేటకూ కావలెను. రహీం సాహెబు ఋణం తీర్చుకొనే మార్గం మాకు అదొక్కటే కనిపిస్తున్నది.