కాలదోషం యెవరిది?

"కన్యాశుల్కం" పాఠం చెప్పేటప్పుడు అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యాల పిచ్చి దగ్గర విద్యార్థులు తప్పక నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయితే మన సాహిత్యం కోర్టుకెక్కినవాణ్ణి చూసినంతగా కోర్టుకు రానివాణ్ణి చూడలేదని యీ మధ్య అనిపిస్తోంది. వకీలు, గుమాస్తా, కూటసాక్షి, అందరూ మన రచనల్లో కనిపిస్తారు. పిలిచినప్పుడు పలకని ప్రతివాది కనిపించడం అరుదు. అప్పుల చరిత్రలో ప్రధాన పాత్ర అతనిదే. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. కాని పాత చట్టాలు చదవడానికి ప్లీడరీ పట్టా అక్కర్లేదు గదా.

1859లో రెండు చట్టాలు వచ్చాయి. వొకటి సివిల్ ప్రొసీజరు కోడు. ప్రతివాది రాకపోతే వాది చెప్పింది విని తీర్పు చెప్పవచ్చు. అలా వచ్చిన యేకపక్షపు డిక్రీ మీద అప్పీలు లేదు. డిక్రీ అమలు మొదలైన ముప్ఫయి రోజుల్లోగా ఆ కోర్టుకే వెళ్లి, సమన్లు అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం వుందనో రుజువు చేసుకోవాలి. రెండోది లిమిటేషన్ చట్టం. రిజిస్టరు కాని అప్పుపత్రం మీద మూడేళ్లలో దావా వెయ్యాలంది. పాతబడ్డ బాకీల నుంచి బాకీదారును కాపాడడం దాని వుద్దేశం. జరిగింది వేరు. మూడేళ్లు నిండవస్తుండగా సాహుకారు వచ్చి, పత్రం తిరగరాయి, లేకపోతే దావా వేస్తానంటాడు. వడ్డీ అసలులో కలుస్తుంది, కొత్త పత్రం మీద వేలిముద్ర పడుతుంది. గడువు దాటిన బాకీకి కాలదోషం పట్టిందంటాం. తన బాకీకి ఆ దోషం పట్టకుండా చూసుకోవడానికి సాహుకారుకు గుమాస్తా వున్నాడు, చిట్టా వుంది. రైతు చెప్పుకోవలసిన మాటకు రోజులు లెక్కపెట్టేవాడు లేడు.

దీని ఫలితం మహారాష్ట్రలో బయటపడింది. 1875 మే 12న పుణె జిల్లా సూపాలో రైతులు సాహుకార్ల మీద తిరగబడ్డారు. అక్కణ్ణుంచి అల్లరి అహమ్మదునగరు జిల్లాకూ పాకింది. వాళ్లు ముఖ్యంగా అడిగింది డబ్బు కాదు, పత్రాలు. చేతికి దొరికినవి దొరికినట్లు కాల్చారు. తరవాత విచారించిన కమిషను, అప్పుల దావాల్లో అధికభాగం ప్రతివాది లేకుండానే తీరిపోతున్నాయని గుర్తించింది. కారణాలు వూహించడం కష్టం కాదు. కోర్టు దూరం. వెళితే రెండు మూడు రోజుల పని పోతుంది. వేలిముద్ర తనదే, దాన్ని కాదనలేడు. ఆ పత్రం వెనకనున్న కథ వినే అలవాటు కోర్టుకు లేదు. అలాంటప్పుడు వెళ్లి చెప్పేదేమిటి?

1879లో దక్కను రైతుల రుణవిమోచన చట్టం వచ్చింది. ఇక మీదట కోర్టు ప్రతివాదిని పిలిపించి విచారించాలి. అది అనవసరమనుకుంటే కారణం రాసిపెట్టాలి. పత్రం వెనక్కి వెళ్లి లెక్క మొదటి నుంచీ చూడాలి. దావా గడువు కూడా ఆరేళ్లకూ, రిజిస్టరు పత్రాలకు పన్నెండేళ్లకూ పెరిగింది. రాకపోవడం అంటే బాకీ వొప్పుకోవడం కాదని ప్రభుత్వమే అంగీకరించిందన్నమాట. ఆ అంగీకారం యే జడ్జి దయాగుణం వల్లా రాలేదు, కాలిన పత్రాల వల్ల వచ్చింది. అయితే అది మొదట పుణె, సతారా, షోలాపూరు, అహమ్మదునగరు జిల్లాలకే. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు రైతుకు మామూలు చట్టమే గతి.

ఆ మామూలు చట్టంలోనూ వొక కిటికీ వుంది. 1871 లిమిటేషన్ చట్టం అయిదో సెక్షన్ ప్రకారం, తగిన కారణం చూపితే గడువు దాటిన అప్పీలును కోర్టు తీసుకోవచ్చు. 1877, 1908, 1963 చట్టాల్లోనూ అది అయిదో సెక్షనే. ఆ మాటకు వుదారంగా అర్థం చెప్పాలని మద్రాసు హైకోర్టు 1890 సంపుటంలోని వొక తీర్పులో అన్నది. పేరున్న తీర్పే. కాని దాని షరతు చూడండి: అప్పీలుదారులో నిర్లక్ష్యం, నిష్క్రియత, దురుద్దేశం వుండకూడదు. పరీక్ష బాకీ న్యాయానికి కాదు, బాకీదారు శీలానికి. కోతల్లో కూలి వదులుకుని తాలూకా వూరికి పోలేనివాడు యే జాబితాలోకి వస్తాడు?

గడియారాన్ని కూడా జరిపారు. యేకపక్షపు డిక్రీ రద్దు కోరడానికి ముప్ఫయి రోజులన్నది మారలేదు. 1877 చట్టంలో ఆ లెక్క డిక్రీ అమలుకు దిగిన రోజు నుంచి, అంటే అమీనా గుమ్మంలోకి వచ్చిన రోజు నుంచి మొదలయ్యేది. 1908లో అది డిక్రీ తేదీ నుంచి అయింది. సమన్లు సరిగా అందలేదని తేలితేనే, తెలిసిన తేదీ నుంచి. అమీనాను చూసి మేలుకునే రైతుకు యీ చిన్న సవరణ యెంత నష్టమో వేరే చెప్పాలా? 1908 కోడు యేకపక్షపు డిక్రీ మీద అప్పీలు వుందని స్పష్టంగా చెప్పిన మాట నిజమే. కాని రద్దు అర్జీకి అయిదో సెక్షన్ దానంతటది వర్తించింది 1963 చట్టం తరవాతనే.

చిన్న బాకీల సంగతి మరీ విచిత్రం. 1887 స్మాల్ కాజు కోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, యేకపక్షపు డిక్రీ రద్దు చెయ్యమనేవాడు అర్జీతోపాటు డిక్రీ మొత్తం కోర్టులో కట్టాలి, లేదా జామీను యివ్వాలి. అప్పు తీర్చలేనివాడు, ఆ అప్పు అబద్ధమని చెప్పుకోవడానికి ముందు ఆ అప్పు తీర్చాలి!

1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు రక్షణ యాత్ర నడిచారు. 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం వచ్చింది. దాని 19వ సెక్షన్ కింద అంతకు ముందు వచ్చిన డిక్రీలను కూడా తిరగదోడి బాకీ తగ్గించవచ్చు. ఆనాడు యెందుకు రాలేదు, అప్పీలుకు యెందుకు ఆలస్యమయిందన్న ప్రశ్నే అక్కడ లేదు. బాకీదారు సంజాయిషీని వదిలి బాకీని చూసిన చట్టం అది. లోపం లేదనను: భూమిలో హక్కో కౌలో వున్నవాడే దాని లెక్కలో వ్యవసాయదారుడు. వుత్త కూలివాడు యెప్పటిలాగే బయట నిలబడ్డాడు.

స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు మాట మెత్తబడింది. 1961లో వొక్కరోజు ఆలస్యపు కేసులో, గడువు దాటాక అవతలివాడికి కలిగిన హక్కును తేలిగ్గా కదిలించరాదని హెచ్చరిస్తూనే ఆలస్యాన్ని మన్నించింది. 1987లో యింకా ముందుకు వెళ్లి, ప్రతిరోజుకూ సంజాయిషీ అనే సూత్రాన్ని ఛాందసంగా పట్టుకోవద్దన్నది. కాని ఆ ప్రసిద్ధమైన తీర్పులో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన అప్పీలుదారు యెవరు? భూసేకరణ కలెక్టరు. భూమి పోయినవారికి కోర్టు పెంచిన పరిహారం మీద అతని అప్పీలు. 1998లో మద్రాసు నుంచి వెళ్లిన యేకపక్షపు డిక్రీ తగాదాలో 883 రోజుల ఆలస్యాన్ని కూడా మన్నించారు. తప్పు వకీలుది. అయినా కక్షిదారు పదివేల రూపాయలు అవతలివాడికి కట్టాలన్నారు.

బ్యాంకుల పెద్ద బాకీలకు 1993లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. హామీ సంతకం పెట్టిన చిన్నవాడూ అక్కడికే పోవాలి. తగిన కారణం చూపితే గడువు దాటిన అప్పీలును తీసుకునే అధికారం అక్కడా వుంది. అయితే అప్పీలు విచారణకు రావాలంటే తేల్చిన బాకీలో ముందు నూటికి 75 వంతులు కట్టాలనేవారు, మినహాయింపు యిచ్చే అధికారం ట్రిబ్యునలుకు వుండేది. 2016 సవరణతో అది 50 అయింది. యెంత దయ తలచినా 25కు తగ్గించరాదు.